ప్రిన్సిపాల్ లైసెన్సు, ప్రమాణాలు, మూల్యాంకనం: మీ వ్యవస్థకి ఏది ముందు, ఏది ఎంత?

స్కూలు ప్రిన్సిపాళ్లకు కొత్త విధానం రాయడానికి కూర్చున్న ఏ కమిటీలోనైనా మొదటి గంటలోనే మూడు వర్గాలు తేలిపోతాయి. "పరీక్ష పెట్టి లైసెన్సు ఇద్దాం, పనికిరానివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు" అనేవాళ్లు కొందరు. "కుర్చీలో కూర్చున్నాక ఏం చేస్తున్నారో ఏటా లెక్క తీద్దాం" అనేవాళ్లు కొందరు. "అసలు మంచి ప్రిన్సిపాల్ ఏం చేయాలో ముందు రాసుకోండి, ఆ తర్వాతే మీ పరీక్షలూ మార్కులూ" అనేవాళ్లు మిగిలినవాళ్లు. ముగ్గురి మాటా సబబే. కాకపోతే మూడింటినీ ఒకేసారి గట్టిగా నడపగల డబ్బూ మనుషులూ చాలా వ్యవస్థల దగ్గర ఉండవు. అందుకే మూడూ పేరుకి మొదలవుతాయి, కొన్నాళ్లకి ఫారాలు నింపే పనిగా మిగులుతాయి.

ఈ ఎంపిక చేయాల్సినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను: విద్యాశాఖ అధికారులు, నాలుగైదు స్కూళ్లు నడిపే ట్రస్టులు, ప్రైవేటు మేనేజ్‌మెంట్లు. ప్రిన్సిపాల్ కావాలనుకునే టీచర్లకు పనికొచ్చే సంగతులు కూడా చివర్లో కొన్ని ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పద్ధతి పెట్టినా అది పనిచేస్తుందా లేదా అన్నది ప్రిన్సిపాల్ పైన ఉండి చూసే మనిషి ఎవరు, ఆ మనిషికి ఎన్ని స్కూళ్లు అప్పగించారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. విధాన పత్రాల్లో అందరికంటే తక్కువ పంక్తులు దక్కేది కూడా ఆ మనిషికే.

## ఇంత తంటా ఎందుకు

ప్రిన్సిపాల్ మారితే పిల్లల చదువు మారుతుందా అన్న ప్రశ్న మీద అమెరికాలో రెండు దశాబ్దాల పరిశోధనలను గ్రిసమ్, ఎగలైట్, లిండ్సే అనే పరిశోధకులు 2021లో ఒకచోట చేర్చి చూశారు. నైపుణ్యంలో కింది పావు దగ్గరున్న ప్రిన్సిపాల్ స్థానంలో పై పావు దగ్గరున్న ప్రిన్సిపాల్ వస్తే ఆ స్కూలు సగటు విద్యార్థి ఏడాదిలో గణితంలో దాదాపు 2.9 నెలలు, చదవడంలో 2.7 నెలలు అదనంగా నేర్చుకున్నట్టు లెక్క తేలింది. మంచి టీచరు ప్రభావం కూడా సుమారు ఇంతే ఉంటుంది. అయితే టీచరు ప్రభావం ఒక తరగతికి, ప్రిన్సిపాల్ ప్రభావం స్కూలు మొత్తానికి. ఎంపికలో పొరపాటైతే దెబ్బ తగిలేది కూడా స్కూలు మొత్తానికే.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: మీ కొరత ఎక్కడుంది? దరఖాస్తులు పుష్కలంగా వస్తున్నా తప్పు మనిషి ఎంపికవుతున్నారా? మంచివాళ్లే ఎంపికై, ఆదుకునేవాళ్లు లేక రెండో ఏడాదికే చతికిలబడుతున్నారా? లేక పోస్టుకి ఇద్దరు కూడా దరఖాస్తు చేయడం లేదా? మొదటిదానికి లైసెన్సు, ఎంపిక పద్ధతి మందు. రెండోదానికి మూల్యాంకనం, అదీ నేర్పించే రకం. మూడోదానికి లైసెన్సు బిగిస్తే రోగం ముదురుతుంది.

తర్వాతది, వచ్చిన ఫలితంతో ఏం చేస్తారన్నది. మెరుగుపడటానికి సలహా ఇస్తారా, జీతం పెంచుతారా, పదవి నుంచి తీసేస్తారా? ఒకే ఫారంతో మూడూ చేద్దామనుకుంటే ప్రిన్సిపాల్ తన లోపాన్ని నోరు విప్పి చెప్పరు. చెప్పిన మాటే రేపు తన మీద కాగితమవుతుందని తెలిసినవాళ్లు ఎవరు చెబుతారు?

ఇక చూసేవాళ్ల సంఖ్య. ఇది వట్టి కూడికలు, గుణకారాలే. ఒక్కో స్కూలుకి ఏడాదికి మూడు సందర్శనలు, ఒక్కోదానికి ప్రయాణం, మాట్లాడటం, నివేదిక రాయడం కలిపి ఒక రోజు అనుకోండి. 60 స్కూళ్లున్న అధికారికి అవే 180 రోజులు. స్కూళ్లు నడిచే రోజులు చాలాచోట్ల దాదాపు అన్నే. అంటే ఆ అధికారి వేరే ఏ పనీ చేయకూడదు, సెలవు పెట్టకూడదు, ఏ సమావేశానికీ వెళ్లకూడదు. అది జరగని పని కనుక నివేదికలు ఆఫీసులో కూర్చునే తయారవుతాయి.

చివరిది అభ్యర్థికయ్యే ఖర్చు. కోర్సు ఫీజు, సాయంత్రాలూ సెలవులూ, పరీక్ష రుసుము, అన్నీ. దీన్ని ఎవరు భరిస్తారన్నదాన్ని బట్టి ఎవరు ప్రిన్సిపాల్ కాగలరన్నది మారిపోతుంది.

## మొదటి దారి: ప్రమాణాలు రాసి వదిలేయడం

వదిలేయడం అన్నానని చులకన చేస్తున్నాననుకోవద్దు. కొన్ని మంచి వ్యవస్థలు కావాలనే ఇలా చేశాయి. అమెరికాలో 1996లో రాష్ట్రాల విద్యాధికారుల మండలి ఆధ్వర్యంలో ఆరు ప్రమాణాలు వచ్చాయి, 2008లో వాటిని సవరించారు, 2015లో వాటి చోట పది ప్రమాణాల పత్రం వచ్చింది. ఆస్ట్రేలియా 2011లో ప్రిన్సిపాళ్లకు జాతీయ ప్రమాణం తెచ్చింది. అందులో ఐదు వృత్తి పనులూ, వాటి వెనక ఉండాల్సిన మూడు లక్షణాలూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో 2020 నాటి హెడ్‌టీచర్ (అక్కడ ప్రిన్సిపాల్‌ని అనే మాట) ప్రమాణాలు పది అంశాలుగా ఉంటాయి, వాటికి ముందు నైతిక ప్రవర్తన గురించి ఒక భాగం.

ఇంగ్లండ్ పత్రంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. దీన్ని చెక్‌లిస్టులా వాడొద్దని, ఒక అంశంలో లోటు కనిపించినంత మాత్రాన హెడ్‌టీచర్ సామర్థ్యాన్ని శంకించడానికి అదొక్కటే ఆధారం కాదని ఆ పత్రమే చెబుతుంది. రాసినవాళ్లకి ఇది ఎలా దుర్వినియోగమవుతుందో ముందే తెలుసన్నమాట.

ఈ దారిలో ఖర్చు తక్కువ, వ్యతిరేకతా తక్కువ. ఉద్యోగ ప్రకటన, ఇంటర్వ్యూ, శిక్షణ, ఏటా మాట్లాడుకునే సమావేశం, అన్నిట్లో ఒకే భాష నడుస్తుంది. లోటు కూడా అక్కడే ఉంది. పాటించకపోతే ఏమీ కాదు. పైగా ప్రమాణాలు ఎంత ఎత్తు మాటల్లో ఉంటే అంత తేలిగ్గా అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ దేన్నీ మార్చుకోరు.

ప్రమాణాన్ని పనికొచ్చేలా చేయడం ఎలాగో ఒక్క వాక్యం పట్టుకుని చూద్దాం. "ప్రిన్సిపాల్ బోధన నాణ్యతను నిరంతరం మెరుగుపరచాలి" అని ఉందనుకోండి. దీనికి కాదనేవాళ్లు ఉండరు. దీన్నే ఇలా అడగండి: గత నెలలో ఎన్ని తరగతులు చూశారు? చూశాక ఆ టీచరుతో ఏం మాట్లాడారు? మళ్లీ వెళ్లినప్పుడు ఏం మారింది? ఇక్కడ ఇద్దరు ప్రిన్సిపాళ్లు తేలిపోతారు. ఒకరి నోట్‌బుక్‌లో "ఏడో తరగతి గణితం, బాగుంది, బోర్డు వాడకం మెరుగుపడాలి" అని ఉంటుంది. ఇంకొకరి దాంట్లో "భిన్నాల పాఠం. పావుగంటలో ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిదీ ముందు వరుసకే. వెనక కూర్చున్న నలుగురు హారాలు హారాలు కూడేస్తున్నారు, ఎవరూ గమనించలేదు. రేపు లంచ్ తర్వాత మాట్లాడాలి" అని ఉంటుంది, కింద రెండు వారాల తర్వాతి తేదీతో ఇంకో నాలుగు ముక్కలు. ప్రమాణపత్రంలో ప్రతి వాక్యం కింద ఇలాంటి రెండు నమూనాలు, సాదాదీ మంచిదీ, పెట్టగలిగితే ఆ పత్రం బతుకుతుంది. పది ప్రమాణాలకూ పెట్టలేకపోతే మూడింటికి పెట్టండి, చాలు.

## రెండో దారి: లైసెన్సు గుమ్మం

లైసెన్సు పద్ధతిలో కుర్చీ ఎక్కకముందే అర్హత తేలాలి. దీనికి ప్రపంచంలో రకరకాల రూపాలున్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొన్నేళ్ల బోధనానుభవం, మాస్టర్స్ డిగ్రీ లేదా గుర్తింపు పొందిన శిక్షణ కోర్సు, కొన్నిచోట్ల రాతపరీక్ష అడుగుతాయి. కెనడాలోని ఒంటారియోలో ఐదేళ్ల బోధన, అదనపు విద్యార్హతలు, 125 గంటల చొప్పున రెండు భాగాల ప్రిన్సిపాల్ కోర్సు, దానితోపాటు ప్రాక్టికం, అంటే స్కూల్లో నిజంగా పనిచేస్తూ నేర్చుకునే భాగం, ఉండాలి. స్కాట్లాండ్ 2020 ఆగస్టు నుంచి కొత్తగా శాశ్వత హెడ్‌టీచర్ పదవిలోకి వచ్చేవాళ్లకి హెడ్‌షిప్ ప్రమాణం అందుకున్న అర్హతను తప్పనిసరి చేసింది.

ఇంగ్లండ్ కథ దీనికి ఎదురు. 1997లో అక్కడ హెడ్‌షిప్ జాతీయ అర్హత మొదలైంది. 2009 నాటికి మొదటిసారి హెడ్ అయ్యేవాళ్లకి అది లేనిదే కుదరదన్నారు, 2012లో ఆ నిబంధన ఎత్తేశారు. కోర్సు మాత్రం ఇప్పటికీ ఉంది, ఇష్టమున్నవాళ్లు చేస్తారు. ఒకే ద్వీపంలో పక్కపక్కనే ఉన్న రెండు వ్యవస్థలు ఒకే దశాబ్దంలో ఎదురెదురు దిక్కులకు నడిచాయంటే ఇందులో ఒకే సరైన జవాబు లేదనే కదా.

లైసెన్సు బలం ఏమిటంటే కనీస మట్టం. పిల్లల భద్రత చట్టాలు, లెక్కలు, ప్రత్యేక అవసరాల పిల్లల హక్కులు, ఉద్యోగుల నియమాలు, వీటిలో ఓనమాలు రాని మనిషి స్కూలు తాళాలు పట్టుకోకుండా చూస్తుంది. తల్లిదండ్రులకు చెప్పుకోవడానికీ బాగుంటుంది.

ఇక లోపాలు. రాతపరీక్ష స్కోరు మంచి ప్రిన్సిపాల్‌ని ముందే పట్టిస్తుందా? టెనెసీ రాష్ట్ర సమాచారంతో 2017లో వచ్చిన అధ్యయనంలో అక్కడి లైసెన్సు పరీక్ష స్కోరుకీ తర్వాత ఉద్యోగంలో చూపిన పనితీరుకీ నమ్మదగిన సంబంధం పెద్దగా కనబడలేదు. పైగా శ్వేతేతర అభ్యర్థులు ఆ పరీక్షలో ఎక్కువగా ఆగిపోయారు. అంటే గుమ్మం దగ్గర కొందరు ఆగారు కానీ ఆపాల్సినవాళ్లే ఆగారన్న భరోసా లేదు. రాతపరీక్షకి బదులు పనులు చేయించి చూసే పద్ధతి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది. అభ్యర్థి తన స్కూల్లోనే ఒక సమస్య తీసుకుని ప్రణాళిక వేయాలి, టీచర్ల బృందంతో పనిచేయాలి, తరగతి చూసి టీచరుకి సలహా ఇవ్వాలి, ఆధారాలు జతచేసి పంపాలి. అసలు ఉద్యోగానికి ఇది దగ్గరగా ఉంటుంది. దిద్దేవాళ్ల శిక్షణ, వాళ్ల సమయం కలిపితే ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇంకో తమాషా ఉంది. మాస్టర్స్ డిగ్రీకి జీతం స్కేల్లో మెట్టు పెరిగేచోట చాలామంది టీచర్లు ఆ మెట్టు కోసమే నాయకత్వ కోర్సు చేస్తారు, లైసెన్సూ తెచ్చుకుంటారు, ప్రిన్సిపాల్ పోస్టుకి మాత్రం దరఖాస్తు చేయరు. కాగితం మీద లైసెన్సుదారులు ఖాళీల కంటే ఎక్కువ, ఇంటర్వ్యూ గది బయట మాత్రం ఇద్దరే. కొరతని లైసెన్సుల సంఖ్యతో కొలిచే శాఖలు ఇక్కడే బోల్తా పడతాయి.

లైసెన్సు పునరుద్ధరణ గురించి ఒక్క మాట. ఇన్నేళ్లకి ఇన్ని గంటల శిక్షణ అని చాలాచోట్ల పెడతారు. భారత్‌లో 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రిన్సిపాళ్లు ఏటా 50 గంటలైనా వృత్తి శిక్షణ పొందాలంటుంది. గంటలు లెక్కపెట్టడం తేలిక, అందుకే లెక్కపెడతారు. ఏం నేర్చుకున్నారు, స్కూల్లో ఏం మార్చారు అని అడగని చోట అది సర్టిఫికెట్ల పోగు అవుతుంది.

## మూడో దారి: కుర్చీలో ఉండగా మూల్యాంకనం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

పిల్లల మార్కులతో ప్రిన్సిపాల్‌ని కొలవాలన్న ఆలోచన అమెరికాలో 2009 నాటి రేస్ టు ద టాప్ పథకంతో ఊపందుకుంది. 435 కోట్ల డాలర్ల గ్రాంట్ల పోటీ అది. టీచర్ల, ప్రిన్సిపాళ్ల మూల్యాంకనంలో విద్యార్థుల ఎదుగుదలకి గణనీయమైన స్థానం ఇవ్వాలన్నది అందులో ముఖ్యాంశం. టెనెసీ 2010లో చట్టం చేసి మూల్యాంకనంలో సగం బరువుని విద్యార్థుల ఫలితాలకే ఇచ్చింది. 2015 డిసెంబరులో వచ్చిన కొత్త సమాఖ్య చట్టం ఆ ఒత్తిడిని తీసేసి, మూల్యాంకనం ఎలా చేసుకోవాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

మార్కుల లెక్కలో చిక్కు ఏమిటో మయామీ ప్రాంత సమాచారంతో 2015లో వచ్చిన అధ్యయనం బాగా చూపించింది. అవే మార్కులు, అవే స్కూళ్లు. గణాంక సూత్రం మార్చగానే మంచి ప్రిన్సిపాళ్ల జాబితా మారిపోయింది. కారణం అర్థం కానిదేమీ కాదు. నిరుడు చేరిన ప్రిన్సిపాల్ దగ్గరున్న టీచర్లు పాతవాళ్ల ఎంపిక, పిల్లలు ఆ పేటవాళ్లు, ఫలితాల్లో సగం పాత ప్రిన్సిపాల్ చలవో నిర్వాకమో. కొత్త మనిషి చేసిన పని మార్కుల్లో కనబడటానికి ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది మార్కులతో కొత్త ప్రిన్సిపాల్‌కి రేటింగ్ ఇవ్వడం నా లెక్కలో అన్యాయమే. కనీసం మూడేళ్ల సరాసరి లేనిదే ఆ అంకెని ఫారంలోకి రానివ్వకండి.

రెండో సాధనం పై అధికారి పరిశీలన, రూబ్రిక్‌తో. ప్రమాణాలని నాలుగు స్థాయిలుగా విడగొట్టి, ఆధారాలు చూసి ఏ స్థాయో తేల్చడం. బాగా చేస్తే దీన్ని మించింది లేదు. బాగా చేయకపోతే పాత కాన్ఫిడెన్షియల్ రిపోర్టుకీ దీనికీ తేడా పేరులోనే ఉంటుంది. అందరికీ పై రెండు స్థాయిలే పడతాయి, తక్కువ వేసి గొడవ తెచ్చుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇంగ్లండ్ ప్రభుత్వ నిర్వహణలోని స్కూళ్లలో హెడ్‌టీచర్ వార్షిక అప్రైజల్ (పనితీరు సమీక్ష) స్కూలు పాలకమండలి చేస్తుంది. ఆ మండలి బయటి సలహాదారును తప్పనిసరిగా పెట్టుకోవాలని 2012 నిబంధనలు చెబుతాయి. మండలి సభ్యులకి స్కూలు తెలుసు, సలహాదారుకి వృత్తి తెలుసు. చిన్న యాజమాన్యాలు అరువు తెచ్చుకోదగ్గ ఏర్పాటు ఇది.

మూడోది చుట్టూ ఉన్నవాళ్ల అభిప్రాయం. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ల సాధనం ఇందులో పేరున్నది. 72 ప్రశ్నలు, ప్రిన్సిపాల్, టీచర్లు, పై అధికారి, ముగ్గురూ నింపాలి. మార్కు వేసేముందు ఏ ఆధారంతో వేస్తున్నారో గుర్తుపెట్టాలన్నది దీని ప్రత్యేకత. చెప్పుడు మాటలకి అది కాస్త అడ్డుకట్ట. అయినా టీచర్ల అభిప్రాయాన్ని ఉద్యోగం తీసే నిర్ణయానికి ముడిపెడితే ప్రిన్సిపాల్ అందరినీ మెప్పించే పనిలో పడతారు. ఆలస్యంగా వచ్చే టీచరుని అడిగే ధైర్యం ముందు పోతుంది.

| సాధనం | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బతీస్తుంది |
|---|---|---|
| విద్యార్థుల ఫలితాలు | ఏ స్కూలుని దగ్గరగా చూడాలో సూచించడానికి | కొత్తవాళ్ల మీద, చిన్న స్కూళ్ల మీద, ఏడాది అంకెతో తీర్పు చెబితే |
| అధికారి రూబ్రిక్ | సలహా, మెరుగుదల, ఆధారాలతో తీసే నిర్ణయం | అధికారికి స్కూళ్లు ఎక్కువైతే, శిక్షణ లేకపోతే |
| చుట్టూ ఉన్నవాళ్ల సర్వే | ప్రిన్సిపాల్‌కి కనబడని లోపాలు చూపడానికి | జీతానికో పదవికో ముడిపెడితే |

ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నకి ఒంటారియో ఇచ్చిన జవాబు ఆలోచించదగ్గది. అక్కడ పూర్తిస్థాయి అప్రైజల్ ఐదేళ్లకోసారి, మధ్యలో ఏటా ఎదుగుదల ప్రణాళిక రాసుకుని మాట్లాడుకుంటారు. ఏటా ముప్పై పేజీల ఫారం కంటే ఏటా రెండు పేజీల ప్రణాళిక, ఐదేళ్లకోసారి లోతైన పరిశీలన అన్నది అధికారుల కొరత ఉన్నచోట నిజంగా నడిచే ఏర్పాటు. మొదటి రెండేళ్ల వాళ్లకి మాత్రం దీన్ని వర్తింపజేయకండి. వాళ్లని నెలకోసారైనా ఎవరో ఒకరు కలవాలి.

## నాలుగో దారి: ఏరుకుని తయారుచేసుకోవడం

ఈ దారి పట్టిన వ్యవస్థలు పరీక్ష గుమ్మం కంటే మనుషుల్ని ముందునుంచే గుర్తించి, చెక్కి, సరైన స్కూల్లో పెట్టడం మీద శ్రద్ధ పెడతాయి. సింగపూర్‌లో ఎంపికైన వైస్ ప్రిన్సిపాళ్లు 2001లో మొదలైన పూర్తికాలపు కోర్సులో సుమారు ఆరు నెలలు గడుపుతారు. ఎవరో దరఖాస్తు చేసుకుని చేరే కోర్సు కాదది, శాఖే ఏరి పంపుతుంది. చిలీ 2011 చట్టంతో మరోరకంగా చేసింది. బహిరంగ పోటీతో ఎంపిక, ఐదేళ్ల పదవీకాలం, లక్ష్యాలు రాసుకున్న ఒప్పందం. బదులుగా తన నాయకత్వ బృందాన్ని ఎంచుకునే అధికారం ప్రిన్సిపాల్‌కి ఇచ్చింది. బాధ్యత అడిగేవాళ్లు అధికారం కూడా ఇవ్వాలి. చాలా విధానాల్లో ఈ రెండో సగం ఉండదు.

ఈ దారికి గట్టి ఆధారం అమెరికాలోని ఆరు పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే స్థానిక విభాగాలు) నుంచి వచ్చింది. వాలస్ ఫౌండేషన్ సాయంతో 2011లో మొదలైన ప్రయోగంలో న్యూయార్క్, డెన్వర్ వంటివి ఉన్నాయి. ప్రమాణాలు రాసుకున్నారు, శిక్షణ సంస్థల్ని వాటికి తగ్గట్టు మార్చారు, ఎంపికలో పనిచేయించి చూశారు, మొదటేళ్లలో కోచ్‌లను ఇచ్చారు, మూల్యాంకనాన్ని అవే ప్రమాణాలకి కట్టారు. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం అలా వచ్చిన కొత్త ప్రిన్సిపాళ్ల స్కూళ్లు మూడేళ్లు దాటాక పోల్చిన స్కూళ్ల కంటే చదవడంలో 6.22, గణితంలో 2.87 పర్సెంటైల్ పాయింట్లు (వంద స్కూళ్లని వరుసలో పెడితే దాదాపు అన్ని స్థానాలు) ముందున్నాయి. ఖర్చు విద్యార్థికి ఏటా 42 డాలర్లు, డిస్ట్రిక్టు బడ్జెట్లో అర శాతం లోపే.

అంకెలు బాగున్నాయి కదా అని ఇక్కడే ఆగిపోకండి. ఆ ఆరూ పెద్దవి, ప్రిన్సిపాళ్ల అధికారులకి స్కూళ్ల సంఖ్య తగ్గించే పనీ వాటిలో కొన్ని పెట్టుకున్నాయి. మూడు స్కూళ్ల ట్రస్టుకి ఈ యంత్రాంగమంతా పెట్టుకునే స్తోమత ఉండదు.

## నాలుగూ పక్కపక్కన

| | ప్రమాణాలు మాత్రమే | లైసెన్సు | మూల్యాంకనం | ఏరి తయారుచేయడం |
|---|---|---|---|---|
| ఎప్పుడు పట్టుకుంటుంది | ఎప్పుడూ గట్టిగా కాదు | చేరకముందు | చేరాక | చేరకముందు, చేరాక కూడా |
| వ్యవస్థకయ్యే ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ, ఏటా | మొదట్లో ఎక్కువ |
| అభ్యర్థికయ్యే ఖర్చు | లేదు | ఎక్కువ | సమయం మాత్రమే | తక్కువ, శాఖ భరిస్తే |
| అభ్యర్థుల కొరత ఉంటే | ఇబ్బంది లేదు | కొరత పెరుగుతుంది | భయపెట్టే రకమైతే పెరుగుతుంది | తగ్గుతుంది, నెమ్మదిగా |
| ఫలితం కనబడే సమయం | అనిశ్చితం | ఏళ్లు | ఏడాది, రెండేళ్లు | మూడేళ్ల పైన |
| విఫలమయ్యే తీరు | గోడకి తగిలించిన పత్రం | సర్టిఫికెట్ల వ్యాపారం | అందరికీ అదే గ్రేడు | తెలిసినవాళ్లకే అవకాశం |

చివరి గడిని గమనించండి. ఏరే పద్ధతిలో పక్షపాతానికి చోటు ఎక్కువ. పై అధికారి కంట్లో పడినవాళ్లే మళ్లీమళ్లీ ఎంపికవుతారు, మారుమూల స్కూల్లో పనిచేసే మంచి టీచరు ఎవరికీ కనబడరు. అందుకని ఎవరైనా తమ పేరు తామే పంపుకునే తలుపు ఒకటి తెరిచి ఉంచాలి.

## మీరు ఎవరైతే ఏది

వందల స్కూళ్లున్న విద్యాశాఖ అయితే లైసెన్సుని సన్నగా ఉంచండి: చట్టం, భద్రత, లెక్కలు, అంతవరకే. మిగిలిన డబ్బుని పర్యవేక్షణ అధికారుల సంఖ్య పెంచడానికి, కొత్త ప్రిన్సిపాళ్లకి కోచ్‌లు పెట్టడానికి వాడండి. మీరు అధికారులకి స్కూళ్ల సంఖ్య తగ్గించలేకపోతే కొత్త మూల్యాంకన ఫారం తేకండి. పాతదే నయం, కనీసం అలవాటైనా ఉంది.

ఐదారు స్కూళ్ల ట్రస్టు అయితే సొంతంగా ప్రమాణాలు రాసే శ్రమ వద్దు. ఉన్నవాటిలో ఒక పత్రం తీసుకుని మీకు ప్రాణమనిపించే మూడు నాలుగు అంశాలకు నమూనాలు రాసుకోండి. మూల్యాంకనానికి బయటి మనిషిని పెట్టుకోండి, రిటైరైన మంచి ప్రిన్సిపాల్ అయితే మరీ మంచిది. ట్రస్టీ బంధువు ప్రిన్సిపాల్‌గా ఉన్నచోట బయటి మనిషి లేని మూల్యాంకనానికి విలువే లేదు.

ప్రైవేటు స్కూళ్లని నియంత్రించే సంస్థ అయితే మీ చేతిలో ఉన్న నిజమైన పరికరం లైసెన్సే. రోజువారీ పని చూసే యంత్రాంగం మీకు లేదు, యాజమాన్యాలు చూడనివ్వవు కూడా. కనీస మట్టం గట్టిగా పెట్టి, లైసెన్సు ఉన్న మనిషే నిజంగా స్కూలు నడుపుతున్నారా లేక పేరు మాత్రం అరువిచ్చారా అన్నది తనిఖీ చేయండి. అది కోర్సు గంటల కంటే ముఖ్యం.

పోస్టులకి మనుషులే దొరకని ప్రాంతమైతే తాత్కాలిక లైసెన్సు ఇచ్చి, పనిలో ఉంటూనే రెండు మూడేళ్లలో అర్హత పూర్తిచేసే వీలు కల్పించండి. షరతు ఒకటే, మొదటి రోజు నుంచి పక్కన అనుభవమున్న మనిషి ఉండాలి. అది లేకుండా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు ఈత రానివాళ్లని ఏట్లోకి తోయడమే.

ప్రిన్సిపాల్ కావాలనుకునే టీచరైతే కోర్సు ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి. ప్రాక్టికం ఎన్ని వారాలు, అందులో నిర్ణయాలు తీసుకోనిస్తారా లేక ఫైళ్లు మోయిస్తారా, మిమ్మల్ని చూసే మెంటార్ ఎవరు. ఆన్‌లైన్‌లో నెలలో పూర్తయ్యే కోర్సు లైసెన్సు తెస్తుందేమో కానీ, మొదటిసారి తల్లిదండ్రులు గుంపుగా వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డప్పుడు పనికిరాదు. ఉద్యోగం ఇచ్చే చోట కూడా అడగండి: నన్ను మూల్యాంకనం చేసేది ఎవరు, గత ఏడాది వాళ్లు ఎన్నిసార్లు ఈ స్కూలుకి వచ్చారు? జవాబు తడబడితే మీకు సలహా దొరకదని, తప్పు జరిగిన రోజు మాత్రం నోటీసు వస్తుందని అర్థం చేసుకోవచ్చు.

## ఇప్పటికే కుర్చీలో ఉన్నవాళ్లు

కొత్త లైసెన్సు పెడితే పాత ప్రిన్సిపాళ్లకి వర్తిస్తుందా? స్కాట్లాండ్ నిబంధన కొత్తగా పదవిలోకి వచ్చేవాళ్లకే పెట్టింది. అదే ఆచరణలో నడిచే దారి. ఇరవై ఏళ్లు స్కూలు నడిపిన మనిషిని పరీక్ష రాయమంటే కోర్టు కేసులు వస్తాయి, మంచివాళ్లు ముందుగా రిటైరవుతారు. మూల్యాంకనాన్ని మాత్రం పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ ఒకేలా పెట్టవచ్చు, పెట్టాలి కూడా. మొదటి ఏడాది రేటింగ్ ఏదీ రికార్డుకెక్కదని రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఏడాది అధికారులకే శిక్షణ అనుకోండి: ఇద్దరిద్దరు అధికారులు ఒకే స్కూలుకి వెళ్లి, విడివిడిగా స్థాయి వేసి, తర్వాత పోల్చుకోవాలి. ఇద్దరి అంకెలూ కలవని అంశాలు ఏవో రాసిపెట్టండి. రెండో ఏడాది ఫారం అచ్చువేసేముందు ఆ అంశాల మాటలే ముందు తిరగరాయాలి. రేటింగ్ మీద అప్పీలు చేసుకునే దారిని మాత్రం మొదటి రోజే పెట్టండి, అప్పీలు వినేది రేటింగ్ వేసిన మనిషి పై అధికారి కాకుండా చూసుకోండి.